చెవి పెట్టని బేరం

నరసరావుపేటలో వినుకొండ రోడ్డు మీద ట్రాక్టర్లు బాగుచేసే షేక్ హబీబుల్లా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. అయినా పాత ట్రాక్టరు విషయంలో ఆయన నోటి మాటకున్న విలువ ఏ ఇంజనీరు సంతకానికీ ఆ చుట్టుపక్కల లేదు. ఇటు నాదెండ్ల నుంచి అటు ఈపూరు దాకా, పాత బండి కొనదలచిన రైతు ముందుగా ధర అడగడు. హబీబుల్లాను వెంటబెట్టుకు వెళ్ళి బండికి "చెవి పెట్టిస్తాడు". ఇంజను నడుస్తుండగా, అడుగున్నర పొడవున్న స్క్రూడ్రైవరు మొనను ఇంజను ఒంటికి ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకు నిలబడటమే చెవి పెట్టడం. లోపల బేరింగు అరిగినా, పిస్టను కొట్టుకుంటున్నా ఆ ఇనుపకడ్డీ గుండా వచ్చి చెవిలో పడుతుంది. అరనిమిషం తర్వాత ఆయన కళ్ళు తెరిచి "తీసుకో" అనో "వద్దు" అనో అంటాడు. మూడో మాట ఉండదు.

ముప్పై ఏళ్ళలో ఆయన తీసుకోమన్న బండి ఏ రైతునూ దుక్కిలో నిలబెట్టిన దాఖలా లేదు. రెండు ఉన్నాయని గిట్టనివాళ్ళు అంటారు గాని, విచారిస్తే ఆ రెండూ ఆయన వద్దన్నా కొన్నవేనని తేలింది.

ఈ పనికి ఆయన పెట్టుకున్న నియమాలు మూడు. బండి దగ్గరికి తెల్లవారేసరికే చేరాలి. పొద్దెక్కితే అమ్మేవాడు ఇంజనును ముందే వేడిచేసి, దాని దగ్గును దాచిపెడతాడు. అమ్మేవాడి టీ తాగకూడదు. తాగిన నోటితో వద్దనడం కష్టం. రంగు వంక చూడకూడదు. "రంగు పెళ్ళిచూపులకి. కాపురం చేసేది ఇంజనుతో" అని రైతులకు ఆయన చెప్పే మాట షెడ్డుకు వచ్చినవాళ్ళందరికీ నోటికి వచ్చు.

ఇటువంటి మనిషికి యాభై ఆరో ఏట ఎర్ర కారు పిచ్చి పట్టింది.

ఆ కారు విదేశాల్లో తయారైనది. రెండే సీట్లు. నేలకు జానెడు ఎత్తున, పాకే తొండలాగా ఉంటుంది. పదేళ్ళ పాతదైనా ఫోనులో బొమ్మ చూస్తే నిన్న పుట్టినట్టుంది. హైదరాబాదులో పాత ఖరీదైన కార్లమ్మే ఒక అద్దాల దుకాణం వాళ్ళు దాన్ని వీడియో తీసి పెట్టారు. హబీబుల్లా ఆ వీడియోను రోజుకు నాలుగుసార్లు, అన్నం తింటూ కూడా చూశాడు. ఉన్న ఒక్క స్థలం అమ్మితే వచ్చిన డబ్బు అప్పటికి చేతిలో ఉంది.

"షెడ్డు మీద స్లాబు వేయిద్దామయ్యా. వానొస్తే నువ్వూ ట్రాక్టర్లూ కలిసి తడుస్తున్నారు" అంది భార్య సబీహా.

"ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ బళ్ళకి చెవి పెట్టానే. నాకంటూ నాలుగు చక్రాలు లేవు."

"నాలుగు చక్రాలు కావాలంటే సరే. మనుషులం ముగ్గురముంటే రెండు సీట్లదేందయ్యా? మీ అమ్మని డిక్కీలో పడుకోబెడతావా?"

ఆయన వినలేదు. కొత్త ప్యాంటు, ఇస్త్రీ చొక్కా వేసుకుని హైదరాబాదు బస్సెక్కాడు. స్క్రూడ్రైవరును తువ్వాలులో చుట్టి చేతిసంచిలో పెట్టుకోవడం మాత్రం మరచిపోలేదు. అంటే, బయలుదేరేటప్పటికి బుద్ధి ఆయనతోనే ఉంది. అది ఎక్కడ దిగిపోయిందో కూడా చెప్పవచ్చు. ఆ దుకాణం అద్దాల తలుపు దగ్గర.

తలుపు తీసిన అమ్మాయి పేరు భవిత. "వెల్కమ్ సర్" అంది. హబీబుల్లాను పేటలో బాబాయ్ అంటారు, భాయ్ అంటారు, కోపమొస్తే సాయిబు అంటారు. సర్ అన్నవాళ్ళు ఎవరూ లేరు. ఆ మాట చెవిలో పడ్డాక ఆ చెవి ఇంకో పనికి రాకుండా పోయింది.

"సర్, మీరేం చేస్తుంటారు?"

ట్రాక్టర్లు బాగుచేస్తానని చెప్పడానికి నోరు తెరిచాడు. ఎదురుగా గోడంత అద్దంలో ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న పెద్దమనిషి ఒకాయన కనిపించాడు. ఆయన్ని చిన్నబుచ్చడం ఇష్టంలేకపోయింది.

"ఆటోమొబైల్స్... బిజినెస్" అన్నాడు.

అంతటితో స్క్రూడ్రైవరు పని అయిపోయింది. బిజినెస్ చేసే పెద్దమనిషి సంచిలోంచి మట్టికొట్టుకుపోయిన కడ్డీ తీసి, కారు పక్కన కళ్ళుమూసుకు నిలబడతాడా? పోనీ ఇంజను కళ్ళతోనైనా చూద్దామని ముందు మూత ఎత్తించాడు. లోపల సంచి పెట్టుకునే గుంత తప్ప ఏమీ లేదు.

"ఇంజన్ వెనకాల ఉంటుంది సర్, సీట్ల వెనక" అంది భవిత మెల్లగా.

"తెలుసమ్మా. ఈ గుంత ఎంతుందో చూద్దామనీ..."

తర్వాత జరిగినవాటికి ఆ అమ్మాయిని తప్పుపట్టడం న్యాయం కాదు. ఆమె చేసినవన్నీ రైతులకు అమ్మేవాళ్ళు చేసేవే. వాటన్నిటినీ ఆయన ముప్పై ఏళ్ళుగా పట్టుకుంటూనే ఉన్నాడు. ఆయన వెళ్ళేసరికి పదకొండు దాటింది. ఇంజను అప్పటికే నడిచి వేడిగా ఉంది. నురగ మీద ఆకు బొమ్మ వేసిన కాఫీ తెచ్చిచ్చారు, తాగాడు. రెండోది కూడా తాగాడు. కారులో కూర్చోగానే ముక్కుకు అత్తరు గుప్పుమన్నది. ఇంత అత్తరు ఏ వాసనను కప్పడానికని ఇంకొకరి బేరంలోనైతే అడిగేవాడే. ఇక్కడ మాత్రం "డాక్టరుగారి బండి సర్, ఆదివారాలే తీసేవారు" అంటే తల ఊపాడు. రంగు చూడకూడదన్న నియమం ముందే పోయింది. ఆయన చూసినదల్లా రంగొక్కటే. మధ్యాహ్నం నమాజు వేళకు బేరం కుదిరింది.

పిడుగురాళ్ళ దగ్గర రెండు స్పీడు బ్రేకర్లు కారు పొట్టను గీకాయి. అది తప్ప దారిలో ఏ ఇబ్బందీ రాలేదు. పేటలో షెడ్డు ముందు కారు ఆగిన సాయంత్రం జనం చేరారు. "హబీబు బాబాయే కొన్నాడంటే ఇంకేం చూడాలి!" అన్నారు. "దానికి ఎంతసేపు చెవి పెట్టి ఉంటాడో!" అన్నారు. ఆయన కాదనలేదు. కాదనకపోవడం అబద్ధం కిందికి వస్తుందా అని ఎవరూ అడగలేదు గనుక ఆయనా ఆలోచించలేదు.

నాలుగోనాడు ఎండ ముదిరింది. రోళ్ళు పగిలే ఎండలో పొద్దుటి నుంచి నిలబెట్టిన కారులో సబీహాను కూర్చోబెట్టి, బజారు తిప్పుకొస్తానని తలుపు వేశాడు. ఆమె వెంటనే తలుపు తీసి కిందికి దిగింది.

"ఏమే, ఏమైంది?"

"కాలవ వాసన."

సబీహా విజయపురి సౌత్‌లో పుట్టి పెరిగింది. తండ్రి సాగర్ కాలవ మీద తూములు చూసుకునే లస్కరు. వేసవిలో నీళ్ళు కట్టేశాక అడుగున తేలిన ఒండ్రు ఎండకు ఎట్లా వాసన వేస్తుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"కొత్త అత్తరే అది" అన్నాడు హబీబుల్లా.

"అత్తరు మూడు రోజులకి పోయింది. ఇప్పుడొచ్చేది బురద. ఈ కారు మునిగిందయ్యా."

ఆయన కసిరాడు. ఆమె లోపలికి వెళ్ళాక మాత్రం షెడ్డు షట్టరు దించి, కారు అడుగున పరిచిన తివాచీ ఊడదీశాడు. సీట్లు జరిగే పట్టాల మూలల్లో పిండిలాంటి ఒండ్రు పేరుకుని ఉంది. బోల్టులు లోపలివైపు తుప్పుపట్టి ఉన్నాయి. వైర్ల కట్టలో నల్ల టేపు కింద పచ్చటి చిలుం. హైదరాబాదు వరదల్లో ఏదో బంగళా కిందిభాగంలో రెండు మూడు రోజులు నానిన బండి అది. రైతెవరైనా తెచ్చి చూపించి ఉంటే తలుపు తీసిన క్షణంలో "వద్దు" అనేవాడు. తివాచీ మళ్ళీ పరిచి, షట్టరు ఎత్తి, టీ తెప్పించుకున్నాడు. ఆ టీ ఆయనకు రుచించలేదు.

మోసపోవడం ఆయనను అంతగా కుంగదీయలేదు. పోయిన స్థలం పోయింది. ఆయన భయపడినది వేరు. ఆయన తినేది ఆ రెండు మాటల మీదే. "తీసుకో", "వద్దు". సొంత బండికే చెవి పెట్టనివాడని తెలిస్తే, రేపు ఆ మాటలు ఎవడు కొంటాడు? అందుకని దాచాడు.

దాచడానికి కారు సహకరించలేదు. నీళ్ళు తాగిన వైర్లు వాటి ఇష్టం వచ్చినట్టు పనిచేస్తున్నాయి. మల్లమ్మ సెంటర్లో మిట్టమధ్యాహ్నం, ఆకాశంలో మబ్బు తునక లేని వేళ, వైపర్లు వాటంతటవే లేచి అద్దాన్ని తెగ తుడిచాయి. పక్కన మిర్చి బస్తాల ఆటో ఆపిన మనిషి నోరు తెరిచాడు.

"ఏంది బాబాయ్, వాన లేకుండా తుడుస్తాంది?"

"సెన్సారురా. పల్నాడు దుమ్ము కదా, కనిపెట్టి తుడుస్తది."

"అబ్బో! చానా తెలివైన బండి!"

ఆ సాయంత్రానికి దుమ్ము కనిపెట్టే కారు కథ కోటప్పకొండ రోడ్డు దాకా పాకింది. ఎవరూ అనుమానించలేదు. హబీబుల్లా చెప్పాడంటే సరిగానే చెప్పి ఉంటాడనుకున్నారు. నిజాయితీ వల్ల కూడబెట్టుకున్న నమ్మకాన్ని అబద్ధాలకు ఎట్లా ఖర్చుపెట్టవచ్చో ఆ వారం రోజుల్లో ఆయన బాగా నేర్చుకున్నాడు. మరునాడు హారను దానంతటదే మోగితే కుక్కలను తరమడానికన్నాడు. రాత్రి అద్దాలు దిగిపోతే గాలికన్నాడు. సబీహా మాత్రం వంటింట్లోంచి, "అడుగున చేపలుంటే అవి కూడా సెన్సార్లే" అంది.

ఎనిమిదోనాడు ఈపూరు దగ్గర పల్లె నుంచి ఐజాక్ వచ్చాడు. నలభై దాటిన కౌలు రైతు. వెంట భార్య గ్రేసమ్మ. కౌలు పొలం దున్నడానికి అద్దె ట్రాక్టరు కోసం ప్రతిసారీ ఇంకొకరి వాకిట్లో నిలబడలేక, ఉన్న రెండు బర్రెలూ అమ్మి, పాత ట్రాక్టరు ఒకటి కొనుక్కోవాలని చూస్తున్నారు. షెడ్డులో అప్పటికే టీ తాగుతున్నవాళ్ళు నలుగురున్నారు.

ఐజాక్ ఎర్ర కారు చుట్టూ ఒక తిరుగుడు తిరిగి వచ్చాడు.

"బాబాయ్, నాకు ఇంకేం అక్కర్లా. నీ సొంత కారుకి ఎట్టా చెవి పెట్టావో, నా బండికి అట్టాగే పెట్టు. అంతే."

"సరేలేరా" అంటే సరిపోయేది. ఆ మాట వల్ల ఐజాక్‌కు నష్టం కూడా లేదు. ఆయన ట్రాక్టరును ఎలాగూ శ్రద్ధగానే చూస్తాడు. కాని, కారును చూసినట్టే చూస్తానని ఒప్పుకుంటే ఏం ఒప్పుకున్నట్టో ఆ షెడ్డులో ఆయన ఒక్కడికే తెలుసు. నాలుక తిరగలేదు.

"నీ బండి సంగతి వేరులేరా" అన్నాడు.

ఐజాక్ ముఖం మారింది. "వేరంటే? నీదైతే గట్టిగా చూసుకుంటావు, మాదైతే పైపైన చూస్తావా?"

"అది కాదురా..."

"మరేంది? కౌలోడి బండికి అంత చూపు అక్కర్లేదనా?" అంది గ్రేసమ్మ. "బర్రెల్నమ్మి వచ్చాం బాబాయ్. పాలు లేకుండా టీ తాగుతున్నాం."

టీ తాగుతున్న నలుగురూ గ్లాసులు దించారు. ముప్పై ఏళ్ళలో పేదవాడి బండిని చిన్నచూపు చూశాడన్న మాట ఆయన మీద ఎప్పుడూ రాలేదు. అబద్ధాన్ని కాపాడుకుంటే ఈ నింద మీద పడేట్టుంది. నింద పోవాలంటే అబద్ధం పోవాలి. రెండూ కలిసి నిలిచే దారి వెతికాడు గాని కనబడలేదు.

"దానికసలు చెవే పెట్టలేదురా!" అని అరిచాడు.

ఆయన ఇక ఆగలేదు. "వరదలో మునిగిన కారది. తివాచీ కింద ఒండ్రు ఉంది, చూసుకోండి. కాఫీ ఇచ్చారు, తాగా. సర్ అన్నారు, ఉబ్బిపోయా. స్క్రూడ్రైవరు సంచిలోంచి తీయడానికి సిగ్గేసింది."

"మరి దుమ్ము తుడిచేది?" అడిగాడు నలుగురిలో ఒకడు.

"పిచ్చిరా దానికి. నాక్కూడా."

షెడ్డు గొల్లుమన్నది. ఒకడు అప్పుడే ఫోను తీశాడు. ఐజాక్ నవ్వలేదు. గ్రేసమ్మ వంక చూశాడు, నేల వంక చూశాడు, చివరికి అడిగాడు.

"ఎందుకు పెట్టలా బాబాయ్? నిజం చెప్పు."

"నచ్చిందిరా. నచ్చినాక తప్పులు వినబుద్ధి కాలా."

"మేం చూసిన ట్రాక్టరు నీకు తెలుసుగా. ఈపూరు సెంటర్లో వడ్లమిల్లు పక్కన ఉంటది, నీలంది. అది నచ్చిందా నీకు?"

"ఆ డొక్కు బండా? దాని మొహం చూస్తేనే నాకు ఒళ్ళు మంట."

ఐజాక్ భార్య వంక తిరిగాడు. "ఇంకేం. రేపు తెల్లారి రమ్మందాం."

అది సరైన తర్కమేనని ఒప్పుకోవాలి. అందరూ అంత న్యాయంగా ఆలోచించలేదన్నదీ నిజమే. ఆ వారం రావలసిన ఇద్దరు చిలకలూరిపేట మెకానిక్కు దగ్గరికి పోయారు. ఇంకొకడు వచ్చి, బండి సంగతి అడగకుండా కారు ముందు ఫోటో దిగి వెళ్ళాడు.

మర్నాడు తెల్లవారేసరికి ఐజాక్ మోటారు సైకిలు వెనక కూర్చుని హబీబుల్లా ఈపూరు చేరాడు. వార్త ఆయనకంటే ముందే చేరింది. మిల్లు పక్కన జనం ఉన్నారు. అమ్మేవాడు వైపర్లలాగా రెండు చేతులూ అటూ ఇటూ ఊపి చూపించాడు. అందరూ నవ్వారు. హబీబుల్లా తలెత్తకుండా తన పని తాను చేసుకున్నాడు. ఎప్పుడూ పట్టే అరనిమిషం కాక, మూడు నిమిషాలు విన్నాడు. కళ్ళు తెరిచి ఐజాక్ వంక చూశాడు.

"వద్దు."

అమ్మేవాడికి నవ్వు పోయింది. "ఓయ్ సాయిబూ! నా బండికి వంకలు పెట్టేముందు నీ కారుకి చెప్పుకోవయ్యా తీర్పు!"

"చెప్పా" అన్నాడు హబీబుల్లా. "అదీ పనికిరాదు."