ఖాళీ తట్టలకు మేత

పట్టుపురుగులు మల్బరీ ఆకు తింటుంటే అచ్చం వాన పడుతున్నట్టే ఉంటుంది. మొదటిసారి పురుగులు పెట్టినప్పుడు మునిలక్ష్మమ్మ ఆ చప్పుడు విని, ఆరబోసిన చింతపండు ఎత్తడానికి వాకిట్లోకి పరుగెత్తింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. పెద్దపంజాణి పక్కనున్న ఆ ఊరు వారం రోజులు నవ్వింది.

పదేండ్లలో ఆ చెవి ముదిరింది. వంటింట్లో సంగటి కెలుకుతూనే, పెరట్లో షెడ్డులో ఏ తట్టలో ఆకు అయిపోయిందో చెప్పేది. మొగుడు చెంగల్రాయుడు కళ్లతో చూసి చెప్పినదానికంటే ఆమె చెవితో చెప్పిందే నిజమయ్యేది. ఆయనకు దాని మీద గర్వమూ ఉంది, కొంచెం కడుపుమంటా ఉంది.

ఎనభై మూడులో పురుగులకు రోగం తగిలింది. అన్నీ తలలు పైకెత్తి కదలకుండా పడి ఉన్నాయి. కుబుసం విడిచేముందు కూడా పురుగు అట్లాగే మేత మాని బిగుసుకుపోతుంది. దాన్ని ఆ పక్క జ్వరమంటారు. ఒక రోజు గడిస్తే జ్వరం దిగి, మళ్లీ మేతకు లేస్తుంది.

"జ్వరమేమో. ఇంగో దినం సూద్దాం" అనింది మునిలక్ష్మమ్మ.

"కుళ్లు వాసన తెలీలేదా నీకు? దేవుడు చెవులిచ్చి ముక్కు మర్సిపోయినాడా?" అంటూ చెంగల్రాయుడు గుంత తీసి, సున్నం చల్లి, అన్నిటినీ పూడ్చేశాడు.

పదో రోజు మధ్యాహ్నం, మూసిన షెడ్డులోంచి వాన చప్పుడు వినిపించింది.

మునిలక్ష్మమ్మ పరుగున వెళ్లింది. తలుపు తీసి లోపల అడుగు పెట్టగానే చప్పుడు ఆగిపోయింది. ఖాళీ తట్టలు, సున్నం వాసన, అంతే. బయటికొచ్చి నిలబడితే కాసేపటికి మళ్లీ సన్నగా మొదలైంది. బతికున్నవాటిని పూడ్చేశాం, అవి ఆకలికి తిరిగొచ్చాయి. పాపం ఆమె ఇంకేమనుకుంటుంది? ఆకు కోసుకొచ్చి ఖాళీ తట్టల్లో పరిచింది. చప్పుడు ఆగింది. మరుసటి రోజూ అంతే. పురుగన్నాక మేత వేస్తే చప్పుడు పెరగాలి, ఇవి మేత వేస్తే నోరు మూసుకుంటున్నాయేమిటన్న ఆలోచనే ఆమెకు రాలేదు. భయం పట్టిన మనసుకు అంత ఓపిక ఎక్కడిది!

కానుపుకు పుట్టింటికొచ్చి ఇంకా అక్కడే ఉన్న కూతురు కమలాక్షి అది చూసింది. తల్లి వంగి, ఖాళీ తట్టలతో "తినండి తల్లీ, తినండి" అంటోంది. కమలాక్షి మూడు నెలల బిడ్డను ఎదకు అదుముకుని వెనక్కి వెళ్లిపోయింది.

పుంగనూరు నుంచి తాయెత్తు వచ్చింది. మదనపల్లె డాక్టరు లైటు వేసి చూసి, చెవికేమీ లేదు, ఇదంతా మనసు చేసే పని అన్నాడు. తండ్రీ కూతురూ షెడ్డు గోడ పక్కన నిలబడి విన్నారు కూడా. వాళ్లకేమీ వినిపించలేదు. ఆ ఇంట్లో వినడం చేతనైంది ఒక్కతికే, ఆ ఒక్కతినే పిచ్చిదన్నారు.

"నువ్వు ఆ మాట మానేదాంకా బిడ్డను నీ సేతికియ్యనమ్మా" అని కమలాక్షి ఏడుస్తూనే చెప్పేసింది.

ఎనిమిది రోజులు మునిలక్ష్మమ్మ మనవరాలిని ముట్టుకోలేదు. తొమ్మిదో రోజు ఓడిపోయింది. "నాకేం వినపడ్లేదు. ఇంగ ఆ మాటెత్తను. బిడ్డ మీద ఒట్టు" అనింది. బిడ్డ ఒళ్లోకి వచ్చింది. అప్పుడూ ఆమెకు వాన వినిపిస్తూనే ఉంది.

ఆమె భయం మొదలంటా పోగొడదామని చెంగల్రాయుడు మంచం తీసుకెళ్లి షెడ్డులో వేసుకున్నాడు. మధ్యాహ్నం కునుకు అక్కడే. "సూడు, నన్నే పురుగూ కొరకలే" అని నవ్వుతూ వచ్చేవాడు.

మూడో రోజు ఆయన నిద్రలో ఉండగా, ఆమె వాకిట్లో బిడ్డను కాళ్ల మీద వేసుకుని ఊపుతోంది. ఆ రోజు వినిపించింది సన్న చినుకు కాదు, జడివాన. దాని మధ్యలో ఏదో మూలిగినట్టు చిన్న కిర్రుమన్న మోత. ఇన్నాళ్లూ ఆమె చెవి తట్టల దగ్గరే వెతికింది. ఇప్పుడు మొదటిసారి తల ఎత్తింది. చప్పుడు కింద లేదు, కప్పులో ఉంది.

నోరు తెరిస్తే ఒట్టు తప్పినట్టే. ఒట్టు బిడ్డ మీద వేసింది.

బిడ్డను చాప మీద పడుకోబెట్టి పరుగెత్తింది.

"లెయ్యయ్యా! పైన! వాన పైన ఉండాది!"

"మల్లా మొదలు పెట్టినావా" అంటున్నవాణ్ని చెయ్యి పట్టి ఈడ్చింది. వాళ్లు గడప దాటీ దాటకముందే దూలం నడిమికి విరిగి, పెంకులతో సహా మంచం మీద పడింది. విరిగిన చోట కట్టె లేదు, పైపొర మాత్రమే మిగిలింది. లోపలంతా మట్టి, ఆ మట్టి నిండా తెల్లటి చెదలు. మనిషి అలికిడి తగిలితే కొరకడం ఆపేవి అవే. చెవి ఆమెను మోసం చేయలేదు. ఆ చప్పుడుకు తప్పు పేరు పెట్టింది గుంతలో పూడ్చిన పాపం.

ఒట్టు తప్పినా బిడ్డకేమీ కాలేదు. కమలాక్షి తల్లి కాళ్లు పట్టుకుంది.

కథ అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నాలుగేండ్ల తర్వాత కుప్పంలో, కూతురింట్లో, సిమెంటు మిద్దె కింద పట్టపగలు పడుకున్న చెంగల్రాయుడు దిగ్గున లేచి కూర్చున్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమే, వినపడతాండాదా?"

మునిలక్ష్మమ్మ ఊపిరి బిగబట్టి విన్నది. ఏమీ లేదు. సిమెంటును చెదలు తినవని ఆమెకూ తెలుసు. తాయెత్తు, డాక్టరు మాట, తన చేతికివ్వని బిడ్డ, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"వినపడతాండాది, లెయ్యి" అని, ఆయన మంచాన్ని వాకిట్లోకి లాగింది.