పెద్దమేడం చూడని పుస్తకాలు

మా పెద్దమేడం పోయారని ఆమె కూతురు ఫోన్ చేసేసరికి నేను నంద్యాల బస్టాండులో, పిల్లల పుస్తకాల కట్ట ఒళ్ళో పెట్టుకుని ఆళ్ళగడ్డ బస్సు కోసం చూస్తున్నాను. ఆ కట్ట ఆమెకు చూపించడానికే. వచ్చిన బస్సు ఎక్కకుండా వదిలేశాను.

నేను టీచరుగా చేసే ప్రైమరీ స్కూలుకు ఆమె హెడ్మిస్ట్రెస్. రిటైరయ్యాక కూడా ఒకటి, రెండు తరగతుల పిల్లలకు పుస్తకాలు కొనాలంటే నన్ను వెంటబెట్టుకుని నంద్యాలకు తనే వచ్చేవారు. చిన్నపిల్లలకు పుస్తకమేగా, చిటికెలో కొనొచ్చు అనుకుంటారు మీరు. ఆమెతో వెళ్తే ఒళ్ళు హూనమే. షాపాయన ముందే కట్టి ఉంచిన సెట్లు చూపించి, "అన్ని స్కూళ్ళోళ్ళూ ఇవే తీసకపోతాండారు మేడం" అనేవాడు. "పిల్లోళ్ళు తెరిచి చూస్తాండారా అప్పా, అది చెప్పు" అనేవారు ఈమె. ఆయన కట్టల దారాలు విప్పేవాడు.

ఒక్కో పుస్తకం తీసి, అరచేత్తో అక్షరాలు మూసి, ముందు బొమ్మలే చూసేవారు. "బొమ్మ చూస్తే సగం కత తెలియాలమ్మా. మిగతా సగం కోసం వాడే అచ్చరాలు కూడబలుక్కుంటాడు." మొదటి పేజీలోనే ఒత్తులు గుంపుగా కనిపిస్తే పక్కన పెట్టేసేవారు. చివర నీతి అచ్చేసిన పుస్తకమంటే మరీ కోపం. "కతంతా బాగ చెప్పి, చివర్న మొట్టికాయ వేసేదెందుకు?" నాకేమో ఆకలి, మోకాళ్ళ నొప్పి. ఏదో ఒకటి తీసుకుందాం మేడం అని ఎంత విసుక్కున్నా వినేవారు కాదు. ఆమె ఏరిన పుస్తకాలు మాత్రం మా క్లాసులో అట్టలూడేదాకా చేతులు మారేవి. పిల్లలకు చదువంటే భయం లేకుండా చేయడం నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఈసారి మంచం మీద నుంచే, "నాతో కాదులే. నువ్వే ఏరుకోని రా. తెచ్చినాక చూపీ" అన్నారు. పొద్దంతా షాపులో కూర్చుని ఏరాను. ఆమె ఏమంటారోనని ఒకటే గుబులు. ఇక ఎవరూ ఏమీ అనరు. బస్సెక్కాక ఆ సంగతి తట్టి, అప్పుడు ఏడుపొచ్చింది.

నేను వాళ్ళింటికి చేరేసరికి ఆమెను వసారాలో పడుకోబెట్టారు. కట్ట గోడవారన పెట్టి కూలబడ్డాను. ఒకటో తరగతి చదివే మనవరాలు దగ్గరికొచ్చి, "ఇవేనా, అవ్వకు చూపిచ్చేటివి?" అని అడిగింది. తలూపాను. పిల్ల దారం లాగి ఒక పుస్తకం తీసుకుని, అవ్వ తల దగ్గర కూర్చుంది. వాళ్ళమ్మ వద్దనబోయి ఆగిపోయింది. పిల్ల బొమ్మలున్న వైపు అవ్వ మొహానికి తిప్పి పట్టుకుని, తను పక్కనుంచి తొంగిచూస్తూ ఒక్కో మాటా నెమ్మదిగా చదువుతోంది. పేజీ తిప్పే ముందు కాసేపు ఆగుతోంది, అవ్వ చూడాలని.