వడ్డాది వెళ్ళొచ్చిన గుండిగలు

“ఎగ్గొడతావా, సస్తావా? ఏదో ఒకటి తేల్చి సెప్పు” అని అడిగింది మంగాయమ్మ. చోడవరం బస్టాండు దగ్గర టీకొట్టు ముందు, పదిమంది వింటుండగా. వడ్డీకి ఇచ్చిన మనిషి అడగకూడని మాటేమీ కాదది. పరదేశికి కోపం రాలేదు. ఆ రెండింట్లో ఏది నయమా అని కొన్నాళ్ళుగా తనూ ఆలోచిస్తూనే ఉన్నాడు.

పరదేశిది టెంట్ హౌస్. షామియానాలు, కుర్చీలు, లైట్లు, వంట గుండిగలు. ఒకప్పుడు బుచ్చయ్యపేట నుంచి చోడవరం దాకా పెళ్ళయినా పెద్దకార్యమైనా వాకిట్లో పాతేవి అతని కర్రలే. తర్వాత ఏసీ ఫంక్షన్ హాళ్ళు వచ్చాయి. అక్కడ కుర్చీ నుంచి గరిటె దాకా అన్నీ వాళ్ళవే. పోటీ పడదామని పరదేశి ఫైనాన్స్ మీద డీజే సెట్టూ, ఎల్ఈడీ గేట్లూ కొన్నాడు. ఆ వాయిదాల కోసం చీటీ పాడాడు. చీటీ కట్టడానికి మంగాయమ్మ దగ్గర తెచ్చాడు. మొత్తం పద్నాలుగు లక్షలు తేలింది. ఇందులో తాగుడు లేదు, పేకాట లేదు. అప్పులవాడి కథలో ఒక వ్యసనం ఉంటే వినేవాళ్ళకు సుఖంగా ఉంటుంది. ఆ సుఖం కూడా అతను ఎవరికీ ఇవ్వలేకపోయాడు.

చీటీ కంపెనీ వాళ్ళు జీతగాడి జామీను అడిగారు. పరదేశి అక్క అచ్చియ్యమ్మ భర్త గణపతిరావు వడ్డాదిలో బడి అటెండరు. అతను కాగితం చదవకుండా సంతకం పెట్టాడు. చదివి పెడితే ఇంక బావ ఏమిటి?

చివరికి భార్య రూపాదేవి పరదేశిని లాయరు గౌతమి దగ్గరికి లాక్కెళ్ళింది. గౌతమి చెప్పింది ఒకటే మాట: ఐపీ, దివాలా పిటిషన్.

ఐపీ అంటే మనకు తిట్టు. ఫలానావాడు ఐపీ పెట్టాడంటే దొంగ అని అర్థం. అప్పులవాడు ఉరేసుకుంటే ‘పాపం, పరువు గల మనిషి’ అంటాం. కోర్టుకెళ్ళి ‘నా దగ్గరున్నది ఇదీ, అందరూ పంచుకోండి’ అంటే సిగ్గులేనివాడు అంటాం. పరువుకు మనం కట్టిన ధర ఇది.

“ఆస్తి దాచకూడదండీ, అప్పుల్లో ఒక్కటీ వదలకూడదు” అంది గౌతమి. “కట్టుకునే బట్టలు, వండుకునే గిన్నెలు, చేతిపని సామాను మీకు ఉంచుతారు. మిగతాది కోర్టు పెట్టిన రిసీవరు అమ్మి అందరికీ పంచుతాడు. మోసం చేసి తెచ్చిన అప్పు గానీ, గవర్నమెంటుకి కట్టాల్సింది గానీ పోవు. దివాలా అని కోర్టు తేల్చేసింది కదా అని ఇంట్లో కూర్చోకూడదు. గడువులోగా అప్పుల నుంచి విడుదల కోసం మళ్ళీ దరఖాస్తు పెట్టాలి. చాలామంది అక్కడే మర్చిపోతారు.”

“మరి మా బావ సంతకం?”

“అది పోదు. మీరు విడుదలైనా జామీను ఉన్నాయన విడుదలవడు. కంపెనీ ఆయన జీతం మీదకి వెళ్తుంది.”

పరదేశి చెవికెక్కింది ఈ చివరి మాటొక్కటే. అప్పులకు మనవాళ్ళ దగ్గర ఒక వరస ఉంది: ముందు ఇంటివాళ్ళది, తర్వాత ఊరివాళ్ళది, బ్యాంకుది ఆఖర్న. ఆ వరస ప్రకారమే మర్నాడు పొద్దున్న పాత ఇత్తడి గుండిగలన్నీ ఆటోకెత్తించి వడ్డాది తీసుకెళ్ళి బావ వాకిట్లో దించాడు. “అమ్మితే లక్ష పైనే వస్తాది బావా. నీ జీతం కోస్తే ఇందులోంచి తీసుకో” అన్నాడు. ఈ గొడవంతట్లో తను చేసిన ఒక్క మంచిపని అదేననిపించింది.

పిటిషన్ మీద సంతకానికి వెళ్ళినప్పుడు ఆ సంగతి గౌతమికి కాస్త గొప్పగానే చెప్పాడు. ఆమె కలం కింద పెట్టేసింది.

“ఎవరు చెప్పారండీ ఇలా చెయ్యమని?”

“ఎవులు సెప్పాల మేడమ్? బావ కదా!”

“పిటిషన్‌కి ముందు మూడు నెలల్లో ఒక్కరికే ముట్టజెప్పి మిగతావాళ్ళకి మొండిచెయ్యి చూపిస్తే కోర్టు ఒప్పుకోదు. రిసీవరు వెనక్కి లాక్కుంటాడు. సామాను దాచారని తేలితే మీకు విడుదలే కష్టం. మంగాయమ్మ డబ్బులూ డబ్బులే కదా?”

మంగాయమ్మ, బావ ఒకే వరసలో నిలబడతారని పరదేశి కలలో కూడా అనుకోలేదు. చట్టానికి చుట్టరికం తెలియదు. అది దాని మొరటుతనం అంటారు. బంధుత్వాలు చూసుకుని అప్పు తీర్చే ఊళ్ళో ఆ మొరటుతనమే న్యాయానికి దగ్గరేమో.

“ఇచ్చినవి మళ్ళీ ఎలా అడుగుతానమ్మా?”

“అడగాలి. అవి ఆస్తుల లిస్టులోకి రాకపోతే ఈ కేసు నేను వెయ్యను.”

వడ్డాదిలో అచ్చియ్యమ్మ గుండిగల్ని చింతపండుతో తోమి ఎండలో బోర్లించింది. తమ్ముడు నోరు తెరవగానే లేచి నిలబడింది.

“ఒరే, పెట్టిన సెయ్యే లాక్కుంటాదేటి? మా ఆయన్ని ముంచీసేవు. ఈ ఇత్తడి ముక్కలు కూడా మిగల్నివ్వవా? ఏ మొకం ఎట్టుకొచ్చేవురా?”

“అప్పా, ఇవిక్కడుంటే కేసు పోద్దంట.”

“పోతే పోనీ! ఆయన జీతం నీ కేసు కన్నా సులకనా?”

లోపల్నుంచి గణపతిరావు లుంగీ ఎగ్గట్టుకుంటూ వచ్చాడు. “ఒసే, ఊరుకో. ఇవొచ్చిన కాడ్నించి మంచానికి సోటు లేక వీధిలో తొంగుంటన్నాను” అని ఒక గుండిగ అంచు పట్టుకున్నాడు. “పట్టరా బామ్మర్దీ, సూస్తావేటి?”

“బావా, నీ జీతం కోసేస్తారు.”

“తెలుసు. కంపెనీవోడు ఫోన్ సేసేడు. సంతకం నాను పెట్టేను, నువ్వు నా సెయ్యట్టుకుని పెట్టించేవేటి?” గుండిగ ఆటోలోకి తోశాడు. “నువ్వు మాత్రం సావకు. నువ్వు సస్తే కోతా నాదే, దినాల కర్సూ నాదే.”

అచ్చియ్యమ్మ నవ్వలేదు. ఆ తర్వాత చాలాకాలం తమ్ముడితో మాట్లాడలేదు కూడా.

కోర్టులో మంగాయమ్మ తరఫు లాయరు గుండిగల గురించే అడిగాడు. అవి లిస్టులో ఉన్నాయి, రిసీవరు స్వాధీనంలో ఉన్నాయి. ఇంక అడగడానికి అతనికేమీ మిగల్లేదు. సామాను వేలం వేస్తే అప్పిచ్చినవాళ్ళందరికీ రూపాయికి పాతిక పైసలు కూడా రాలేదు. మంగాయమ్మ తన వాటా తీసుకుని, కోర్టు మెట్లు దిగే దాకా తిడుతూనే ఉంది. ఆవిడ నష్టపోయిన మాట నిజం. తిట్టే హక్కు ఆవిడకుంది. విడుదల ఉత్తర్వు రావడానికి రెండేళ్ళు దాటింది.

పరదేశి ఇప్పుడు ఒక ఫంక్షన్ హాల్లో సూపర్వైజరు. ఆ జీతం జోలికి అప్పుడు అప్పిచ్చినవాళ్ళెవరూ రాలేరు. కోతపడిన బావ జీతాన్ని పూడ్చమని ఏ కోర్టూ అతన్ని అడగదు. అయినా నెల మొదట్లో వడ్డాది వెళ్ళి కొంత ఇచ్చి వస్తాడు. అచ్చియ్యమ్మ లెక్కపెట్టి తీసుకుంటుంది.

గణపతిరావుకు ఇంకా లక్షా ముప్ఫై ఆరు వేలు రావాలి.