తిరుగు వైరు

"...ఇమానాలకు వైర్లు గట్టొచ్చిన అంటివి గదా, గీ రెండు కరెంటు బుగ్గలు సక్కగ ఎలిగియ్యరాదా నీకు?"

"నా లెక్క తప్పలే సావుకారూ. ఇంజనే జర నెమ్మదిగ తిరుగుతున్నది."

"ఇంజన్ నెమ్మదైతే మా ఇంటికాడి బుగ్గ గంత తెల్లగ ఎట్ల ఎలుగుతది? హల్లర్ కాడిది సూడు, బీడీ కొస తీరుగున్నది!"

నిలదీస్తున్నది మిల్లు యజమాని పిచ్చయ్య, సర్దిచెబుతున్నది ఇంజన్ చూసుకునే రామనర్సయ్య. 1949లో ఒక సాయంత్రం, మిర్యాలగూడలో పిచ్చయ్య బియ్యం మిల్లు ముందు జరిగిన మాటలివి. పోలీసు చర్య నాటి గడబిడ రోజుల్లో ఏడాదిపాటు మూతపడిన మిల్లును అప్పుడే మళ్లీ తెరిచారు. వడ్ల బస్తాలు కప్పు దాకా పేరుకుపోయాయి. పొద్దుగూకాక కూడా కొంతసేపు ఆడిస్తే తప్ప తరగవు. అందుకని కోదాడలో ఒక పాత లారీ నుంచి ఊడదీసిన డైనమో తెచ్చి, ఆయిల్ ఇంజన్‌కు బెల్టుతో తగిలించారు. ఒక బుగ్గ వడ్లు ఆడించే హల్లర్ దగ్గర, ఒకటి యజమాని ఇంటి అరుగు మీద.

రామనర్సయ్య సొంతూరు మోతె. యుద్ధం రోజుల్లో హైదరాబాదు పక్కన విమానాల షెడ్డులో కూలికి చేరి, మూడేళ్లలో వైర్ల పని నేర్చుకున్నాడు. నేర్పినవాడు రాందాస్ అనే హవల్దారు. వైరు తెంచే ముందు ఆయన ప్రతిసారీ రెండు ప్రశ్నలు అడిగేవాడు: కరెంటు ఎంత పోవాలి, ఎంత దూరం పోవాలి? లావు వైరు వేస్తే విమానానికి బరువు. సన్నది వేస్తే కరెంటు దారిలోనే అలిసిపోతుంది, వైరు వేడెక్కుతుంది. ఎంత దూరానికి ఎంత లావో చెప్పే పట్టిక ఒకటి షెడ్డు గోడకు ఉండేది. బడి మొహం చూడని తనకు అంకెలు దిద్దించి, ఆ పట్టిక చదవడం నేర్పిన మనిషిని రామనర్సయ్య అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా తలచుకునేవాడు.

యుద్ధం ముగిసి షెడ్డు మూసేశాక అతనికి మిగిలింది చిన్నమ్మ వీరమ్మ ఒక్కతే. ఆమె ఈ మిల్లులో హల్లర్‌లో వడ్లు పోసేది. "మా అక్క కొడుకు, ఇంజన్ సూసుకుంటడు" అని పిచ్చయ్యకు చెప్పి పనిలో పెట్టించింది. మొదటి జీతం వచ్చేదాకా తన జొన్న గట్కలో సగం పెట్టింది. జీతం రాగానే అతను సూర్యాపేట సంతలో ఆమెకొక నేత చీర కొన్నాడు.

పిచ్చయ్యతో ఆ గొడవకు ముందు రోజు సాయంత్రం ఆ చీర కొంగే హల్లర్ బెల్టులో పడింది. మసక వెలుతురులో ఆమె కంటికి బెల్టు ఆనలేదు. చేయి చక్రం దాకా వెళ్లేసరికి కొంగు చిరిగింది కాబట్టి బతికింది.

"కొంగే గదా పోయింది, చెయ్యి పోలే గదా. ఎందుకురా, బర్రె సచ్చినోని తీర్గ మొకమేసుకున్నవ్?" అంది వీరమ్మ.

"ఇగ పొద్దుగూకినంక హల్లర్ కాడికి పోకు చిన్నమ్మా."

"పోకుంటె ఇంకోతి పోతది. దానికి మాత్రం చేతులు లేవా?"

గొడవ జరిగిన మర్నాడు తెల్లవారగానే అతను డైనమో నుంచి హల్లర్ దాకా తాడుతో కొలిచాడు. ఇరవై బారలు. ముందు వేసిన లెక్కలోనూ ఇరవై బారలే. తాడు చుడుతూ తలెత్తి చూశాడు. గుంజల మీద రెండు వైర్లు పోతున్నాయి, ఒకటి పోవడానికి, ఒకటి రావడానికి. విమానంలో అతను ఎప్పుడూ ఒక్క వైరే లాగాడు. విమానం రేకు ఒళ్లే కరెంటుకు తిరుగు దారి. ఆ అలవాటులోనే దూరం లెక్కగట్టాడు. ఇక్కడ మట్టి గోడలు, కర్ర గుంజలు. పోయి రావడానికి ఇరవై కాదు, నలభై.

నేరుగా పిచ్చయ్య ఇంటికి వెళ్లాడు. అరుగు మీద పిచ్చయ్య తల్లి వెంకటనర్సమ్మ చింతపండు గింజలు తీస్తోంది.

"తప్పు నాదే సావుకారూ. పోయే దూరం లెక్కేసిన, వచ్చే దూరం మర్సిన. హల్లర్‌కు లావు వైరు వెయ్యాలె."

"మరి ఎయ్యి. వద్దన్ననా?"

"ఉన్న లావు వైరంత మీ ఇంటికే ఏసిన. మీరు ఇంటికి మంచిది ఎయ్యమంటిరి. సూర్యాపేట దుకానంల గదొక్క చుట్టే ఉండె. మళ్ల రావాల్నంటె నెల పడతదట."

పిచ్చయ్య బుగ్గ వైపు చూశాడు. "ఊళ్లె ఇంకెవనింట్ల ఉన్నదిరా కరెంటు బుగ్గ? మొన్ననే పట్వారి వచ్చి సూసిపోయె. నెల రోజులు ఎట్లనో నెట్టుకరా."

"నెట్టొచ్చు సావుకారూ. మొన్న మా చిన్నమ్మ చెయ్యి వేలెడు దూరంల తప్పింది."

వెంకటనర్సమ్మ చేట పక్కకు పెట్టి, చేతులు దులుపుకుంది.

"నాకు లాంతరు సాలు. నర్సయ్యా, నిచ్చెన దెచ్చి మా ఇంటి వైరు ఇప్పు. పొద్దుగూకేలోపల హల్లర్ కాడికి గుంజాలె."