రాఘవేందర్ పాస్ చేసిన రక్తం

ముందు గడియ చప్పుడు. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో కాకి కంటే ముందు బాత్రూం తలుపు గడియ కిర్రుమని పడేది. కాసేపటికి తెరుచుకునేది. స్వర్ణలత మంచం మీద ఇటు నుంచి అటు తిరిగేలోపు మళ్ళీ పడేది. ఆ రోజు వెలుగొచ్చేసరికి ఆమె చెవిలో ఆ గడియ ఆరుసార్లు పడింది. ఏడోసారి తలుపు తీసుకుని బయటికొచ్చిన మనిషి ఆమె భర్త రాఘవేందర్. ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. మీసం మాత్రం డ్యూటీలోనే ఉంది.

"ఏమైందయ్యా?"

"ఏం గాలే. నిన్న మిర్చి బజ్జీలు తిన్న గదా."

ఆ బజ్జీలు నాలుగు నెలలుగా అరగడం లేదు.

రాఘవేందర్ రైల్వే వర్క్‌షాప్‌లో ఇన్‌స్పెక్టర్. ఇనుప భాగాల కొలత సరిపోయిందో లేదో గేజ్ పెట్టి చూడటం అతని పని. గేజ్‌లో పట్టింది పాస్, దాని మీద తెల్ల సుద్ద గీత. పట్టనిది రిజెక్ట్, దాని మీద ఎర్ర సుద్ద గీతలు. ఇరవై ఆరేళ్ళలో ఆ ఎర్ర సుద్ద అతని వెంట ఇంటికీ బజారుకూ వచ్చేసింది. మోండా మార్కెట్‌లో వంకాయల కడుపు నొక్కి, కూరగాయలమ్మే రోసమ్మ తట్టలో సగం సరుకును ఉద్యోగంలోంచి తీసేసేవాడు. "సారూ, నీకు నచ్చే కాయ కావాల్నంటే దేవుడు ఇంకో చెట్టు పుట్టియ్యాలె" అనేది రోసమ్మ. వానాకాలం మబ్బును కూడా కిటికీలోంచి ఓసారి చూసి, ఇది కురిసే రకం కాదని పక్కన పెట్టేవాడు. అది సాయంత్రానికి క్వార్టర్లన్నీ తడిపి, వీధి దీపాలను నీళ్ళలో పూయించి వెళ్ళిపోయేది.

విరేచనంలో పడుతున్న సొంత రక్తాన్ని ఒక్కదాన్నే తనిఖీ లేకుండా వదిలేశాడు. నీళ్ళు పోయడం మరిచిన ఒక ఉదయం, తెల్లటి పింగాణీ మీద దాన్ని స్వర్ణలత చూసింది. ఆ పూటే బేగంపేటలో డాక్టర్ యోగిత దగ్గరికి లాక్కెళ్ళింది.

కెమెరా పంపి చూస్తే పెద్దపేగు లోపలి గోడ పుండ్లతో ఎర్రబారి ఉంది. ముక్క తీసి పరీక్షిస్తే అల్సరేటివ్ కొలైటిస్ అని తేలింది. రక్తంలో ఒక ఆటోయాంటీబాడీ కూడా కనబడింది.

"శత్రువును పట్టడానికి శరీరం యాంటీబాడీలు చేసుకుంటుంది" అంది యోగిత. "మీ ఒంట్లో కొన్ని సొంత కణాల మీదికే తయారయ్యాయి. ఈ జబ్బున్న చాలామందిలో ఉంటాయి, అందరిలో ఉండవు. పేగును కాల్చేది అవేనా, కాలుతున్న చోట లేచిన పొగలాంటివా అన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. జబ్బును పోల్చుకోవడానికి ఒక ఆధారం, అంతే. టాబ్లెట్లు మాత్రం ఆపకండి."

చివరి మాటలు రాఘవేందర్ చెవికి చేరలేదు. అతను 'సొంత కణాల మీదికే' అన్న దగ్గరే ఆగిపోయాడు.

మర్నాడు వర్క్‌షాప్ బయట, టీ కొట్టు దగ్గర తోటి ఉద్యోగి తిరుమల్‌తో అన్నాడు: "నా రక్తం సుత నా లెక్కనే ఉందిరా. సొంతోళ్ళని గూడ ఇడుస్తలేదు!"

"గట్లయితే జెర మీసం పైలం అన్నా" అన్నాడు తిరుమల్.

మందులు పనిచేశాయి. గడియ నోరు మూసుకుంది. ఎనిమిది నెలల తర్వాత రాఘవేందర్ ఎవరికీ చెప్పకుండా ల్యాబ్‌కు వెళ్ళి అదే రక్తపరీక్ష మళ్ళీ చేయించుకున్నాడు. ఈసారి నెగటివ్. రిపోర్టును వంటింటి గట్టు మీద పరిచి, జేబులోంచి సుద్ద తీసి గీత గీశాడు. తెల్ల కాగితం మీద తెల్ల గీత ఎవరికీ కనబడదు. అతనికి కనబడింది.

"పాస్" అన్నాడు. "ఇగ గోళీలు బంద్."

"డాక్టరమ్మను ఒక్కమాట అడగరాదూ?"

"గేజ్ పట్టినంక ఆమెనేం అడుగుడు?"

మూడు వారాలకు గడియ మళ్ళీ మొదలైంది. బజ్జీలు మళ్ళీ నేరాన్ని తమ మీద వేసుకున్నాయి. ఐదో వారం మోండా మార్కెట్‌లో, చేతిలోని వంకాయ మీద తీర్పు చెప్పకుండానే రాఘవేందర్ కూలబడ్డాడు. రోసమ్మ కేకలు పెట్టి ఆటో ఆపించింది.

ఆసుపత్రిలో, స్వర్ణలత ఇచ్చిన ల్యాబ్ రిపోర్టు చూసిన యోగిత మెత్తగా మాట్లాడలేదు. "యాంటీబాడీ కనబడకపోతే జబ్బు పోయినట్టు కాదు. మీరు పేగులో మంటను కొలవలేదు, ఇంకేదో కొలిచారు. ఇప్పుడు నరంలోకి మందు ఎక్కిస్తున్నాం. మూడు నాలుగు రోజులు చూస్తాం. తగ్గకపోతే ఇంకో మందు. దానికీ లొంగకపోతే పెద్దపేగు తీసేయాలి."

"తీసేసుడా?" అన్నాడు రాఘవేందర్. "మేడం... రిపేరుకు రాదా?"

"ఇరవై ఆరేండ్లల నీ నోట్లకెళ్ళి ఆ మాట ఎన్నడన్న వచ్చిందా?" అంది స్వర్ణలత. అంది కానీ అతని చేయి వదల్లేదు. ఆ మూడు రోజులూ ఆమె సెలైన్ చుక్కలనూ, కిటికీ అవతల సికింద్రాబాద్ వెలుతురు రంగులు మారడాన్నీ చూస్తూ కూచుంది. మనిషి సగం ఖాళీ అయి ఇంటికొస్తాడేమోనన్న భయం గొంతు దాటనివ్వలేదు.

నాలుగో రోజు రక్తం పడటం తగ్గింది. పేగు దక్కింది.

ఇప్పుడు పొద్దున్నే స్వర్ణలత టాబ్లెట్ చేతిలో పెట్టి, మింగాక నోరు తెరవమంటుంది. నాలుక ఎత్తమంటుంది. ఇన్‌స్పెక్టర్ గారు బుద్ధిగా ఎత్తుతాడు.

నేను ఇదంతా కథగా రాస్తున్నానని తెలిసి, ఓ రోజు వాళ్ళింటికి వెళ్ళినప్పుడు రాఘవేందర్ నన్ను గేటు దాకా సాగనంపాడు. లోపల భార్యకు వినబడకుండా గొంతు తగ్గించాడు.

"రాస్తె రాసుకో. గోళీలు నేను బంద్ చేసిన్నని మాత్రం రాయకు. ల్యాబోడు చెయ్యమన్నడని రాయి."