గొంతు చించుకుని నేర్చుకున్న జర్మన్

ఆ రోజు వార్డులో ఒక పేషెంటును "బాబాయ్ గారూ" అని పిలిస్తే గాలి తప్ప మాట రాలేదు. నీళ్ళు తాగి మళ్ళీ పిలిచాను. కీచుమంది. మా నాన్న పోయింది గొంతు కేన్సర్‌తోనే. ఆయనకూ బొంగురుతోనే మొదలైంది.

నేను విజయవాడలో స్టాఫ్ నర్సును. జర్మనీలో ఉద్యోగం కోసం ఆ భాష నేర్చుకుంటున్నాను. వాళ్ళ మాటల్లో గొంతు లోపల గరగరలాడే శబ్దం ఒకటుంది, మనకు లేదు. చిన్నప్పుడు ఎక్కాలెలా నేర్చుకున్నాం? అరిచి! దీన్నీ అలాగే రోజూ రెండు గంటలు మేడ మీద అరిచాను. మా ఆయన ఆటోనగర్లో మెకానిక్కు, సుత్తి మోతల్లో బతికే మనిషి. ఆయనే, "సుశీలా, పైన ఎవరితోనే గొడవ?" అని అడిగారు.

నెల దాటినా బొంగురు పోలేదు. రోజూ ఆస్పత్రిలోనే ఉంటూ ENT గది వైపు వెళ్ళడానికి భయపడ్డాను. సిగ్గుచేటు. చివరికి మా ఆయనే లాక్కెళ్ళారు. గొంతులోకి కెమెరా పంపి లారింగోస్కోపీ చేశారు. స్క్రీన్ మీద రెండు తెల్లటి బుడిపెలు కనిపించగానే మా ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"వోకల్ నాడ్యూల్స్ అమ్మా. అరుపుల వల్ల వచ్చినవి, కేన్సర్‌లా ఏం లేవు. వారం వాయిస్ రెస్ట్, అంటే మాట్లాడొద్దు, తర్వాత స్పీచ్ థెరపీ. తగ్గకపోతే అప్పుడు చూద్దాం," అన్నారు డాక్టరు గారు.

ఆ 'అప్పుడు చూద్దాం'తో నాకు అన్నం సయించలేదు.

మా ఇంట్లో సాయంత్రం ప్రార్థన పైకి చేసేది నేనే. మా ఆయన 'ఆమెన్' తప్ప ఎరగరు. మానలేక, ఆ వారమంతా గుసగుసగా చేశాను. అదీ రెస్టే అనుకున్నాను. గొంతు ఇంకా దిగజారింది.

"గుసగుసలూ గొంతుకి శ్రమేనండీ! నర్సు అయ్యుండి మీరే ఇలా చేస్తే ఎలా?" అని థెరపిస్టు గారు కసిరారు. ఏడుపొచ్చింది. ఏడవడానికీ గొంతు లేదు.

ఆ సాయంత్రం మా ఆయన గ్రీజు చేతులతోనే చాప మీద మోకరించారు. "ప్రభువా... నాకు మాటలు రావు. దీని గొంతు దీనికిచ్చెయ్యి తండ్రీ," అన్నారు. పదిహేనేళ్ళ కాపురంలో ఆయన పైకి చేసిన మొదటి ప్రార్థన అది. నేను గుసగుస కూడా రాకుండా పెదవులు బిగించుకుని కూర్చున్నాను.

మూడు నెలలు థెరపీ నడిచింది. ఒక రోజు థెరపిస్టు గారే ఆ జర్మన్ శబ్దం అనమన్నారు. మళ్ళీ గొంతు పాడవుతుందని భయపడ్డాను. "కళ్ళద్దం తుడిచేముందు 'హా' అని ఆవిరి ఊదుతాం చూడండి, ఆ గాలి చాలు," అన్నారు. మెల్లగా వదిలాను. వచ్చేసింది! అరిచినన్నాళ్ళూ రానిది.

ఇప్పుడు బుడిపెలు బాగా చిన్నవయ్యాయి. జర్మన్ పరీక్ష వచ్చే నెల. బెంగ పోలేదు, పొద్దున్నే లేచి నా పేరు నేనే పలికి చూసుకుంటాను. మీకు బొంగురు మూడు వారాలు దాటితే నాలా దాచుకోకండి, ENTకి చూపించుకోండి.

ప్రార్థన బాధ్యత మాత్రం నేను తిరిగి తీసుకోలేదు. ఆయనే తడబడుతూ చేస్తారు. ఆమెన్ నేనంటాను, పైకి.