బావి హెల్పర్ అడిగిన మాట

నవ్వుకుంటే నవ్వుకోండి. పాప మీద ఒట్టు పెడితే మా ఆవిడ ఊరుకోదు, అందుకని నా మీదే పెట్టుకుంటున్నాను... ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. నేను కొంచెం పెంచి చెప్పే మనిషినని మీకు అనుమానం. నిజమే, నా వంట గురించి పెంచుతాను. ఇది మాత్రం జరిగింది జరిగినట్టే చెబుతున్నాను.

అప్పుడు నేను సౌదీలో, రాబిగ్‌లో ఉన్నాను. మాది తోటలకు నీటి పంపులు చూసిపెట్టే మెయింటెనెన్స్ కంపెనీ. నాది ఆఫీసులో కంప్యూటర్ పని. వందల కిలోమీటర్ల అవతల ఉనైజాలో ఖర్జూర తోటలు ఉన్నాయి. అక్కడి పంపుల్ని నడిపే ప్రోగ్రాంలు ఇక్కడ నా బల్ల మీద తయారయ్యేవి.

వాటిని గిట్‌లో దాచేవాళ్ళం. గిట్ అంటే, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అన్నీ గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్. ఎంత తెలివైనదైనా, దూరంగా పంపు పక్కన ఉన్న కంప్యూటర్ పెట్టెతో తనంతట తాను మాట్లాడలేదు. మధ్యలో ఒక చిన్న ప్రోగ్రాం ఉండాలి. రిమోట్ హెల్పర్ అంటారు. పెళ్ళిసంబంధం మాట్లాడే మధ్యవర్తి లాంటిదనుకోండి. నీకేం చేతనవునని గిట్ అడుగుతుంది. హెల్పర్ చెబుతుంది. అక్కడ ఏమున్నాయని అడుగుతుంది. చెబుతుంది. ఒకరి మాట అయిపోయాక ఒక ఖాళీ లైను వదులుతారు... ఇక నీ వంతు అన్నట్టు.

మా తోటల్లో ఉన్నవి పాత పెట్టెలు. అందరూ వాడే హెల్పర్లకు అవి లొంగేవి కావు. అందుకని సామ్యేలు గారు సొంతంగా ఒకటి రాశారు. దానికి 'బావి' అని పేరు పెట్టారు.

సామ్యేలు గారు నా సీనియర్. నరసాపురం వైపు మనిషి. ఎలక్ట్రీషియన్‌గా వచ్చి, ఎవరినో ఒకరిని అడుగుతూ కంప్యూటర్ నేర్చుకున్నారు. టైపు చేయడం మాత్రం చివరిదాకా ఒంటివేలితోనే. టక్... టక్... మధ్యలో ఆగి అక్షరం వెతుక్కోవడం... మళ్ళీ టక్. ఆ చప్పుడుకు నాకు ఒళ్ళు మండేది. మీరు ఆ లైను పూర్తి చేసేలోపు చాయ్ తాగొస్తానని ఏడిపించేవాణ్ణి. నవ్వేవారు. వాళ్ళావిడ సువార్తమ్మ గారు జిజాన్ ఆసుపత్రిలో నర్సు. నెలకోసారి ఈయన బస్సెక్కి అంత దూరం వెళ్ళి వచ్చేవారు. వచ్చేటప్పుడు నాకు గోంగూర పచ్చడి సీసా తెచ్చేవారు.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. ఇక్కడ మేం కొత్త ప్రోగ్రాం పంపగానే అక్కడి పెట్టె పంపును మొదటి నుంచి నడిపిస్తుంది. ముందు పెద్ద వాల్వు తెరుచుకుంటుంది. బోరు నీళ్ళు ఒక్కసారిగా సంపులోకి దూకుతాయి. సంపు రెండు నిలువుల లోతు. లోపల మనిషి ఉంటే నిచ్చెన అందుకునే వ్యవధి కూడా ఉండదు. అందుకని సామ్యేలు గారు పంపేముందు తోటకు ఫోన్ చేసేవారు. అందరూ ఉన్నారా అని అడిగేవారు. ఉన్నారంటే సరిపోదు. పేరుపేరునా ప్రతి ఒక్కడూ ఫోన్‌లోకి వచ్చి పలకాలి. ఊరికే పలికితే కూడా వదలరు... తిన్నావా, మీ అమ్మకు కంటి ఆపరేషన్ అయిందా, ఇవన్నీ. నాలుగు సెకన్ల పనికి అరగంట ఫోను.

ఎందుకు సార్ ఇంత చాదస్తం అని ఒకసారి విసుక్కున్నాను. అప్పుడు చెప్పారు. గల్ఫ్ యుద్ధం అప్పుడు ఆయన దమ్మామ్‌లో ఉన్నారు. సైరన్ మోగితే క్యాంపులో అందరూ, విషవాయువు రాకుండా కిటికీలకు టేపు అంటించిన హాల్లోకి చేరాలి. మనుషుల్ని లెక్కపెట్టే పని ఈయనది. ఒక రాత్రి తలుపు మూశాక లెక్క చూస్తే ఒకడు తక్కువ. టెక్కలి నుంచి వచ్చిన అప్పన్న. తలుపు తీయనివ్వలేదు ఎవరూ. గంటసేపు ఆ తలుపుకు ఆనుకుని నిలబడ్డారట. సైరన్ ఆగాక పరుగెత్తుకెళ్ళి చూస్తే... అప్పన్న చెవుల్లో దూది పెట్టుకుని గురక పెడుతున్నాడు.

"ఏవీ అవలేదబ్బాయ్," అన్నారు. "కానీ ఆ గంట మాత్రం నన్ను ఇప్పటికీ ఒదల్లేదు."

యుద్ధం అయి ఇరవై ఏళ్ళు దాటాక, ఒక చలికాలంలో, జిజాన్ వెళ్ళినప్పుడే ఆయనకు గుండె ఆగింది. భార్య పనిచేసే ఆసుపత్రిలోనే. నేను వెళ్ళేసరికి శవపెట్టెలో పెట్టేశారు. సువార్తమ్మ గారు ఆ పెట్టె వెంట నరసాపురం వెళ్ళి, నలభై రోజులకు తిరిగి డ్యూటీలో చేరారు.

ఆయన పోయాక బావి నా చేతికి వచ్చింది. ఫోన్ల చాదస్తం మానేశాను. సిగ్గుపడుతూ చెబుతున్నాను... నాకు తీరిక లేక కాదు, ఓపిక లేక. తోటలో ఫోర్‌మన్ బషీర్ భాయ్ అని పాకిస్తాన్ మనిషి. వాళ్ళకు ఒక పద్ధతి ఉంది. సంపులోకి దిగేవాడు చెప్పులు మూత దగ్గర విడిచి దిగుతాడు. చెప్పులుంటే లోపల మనిషి ఉన్నట్టు. చెప్పులు లేవని బషీర్ చెబితే నేను ఎంటర్ కొట్టేవాణ్ణి. అంతే.

ఇక ఆ రాత్రి.

ఎండాకాలం. పగలు సంపులోకి మనిషిని దించలేం, ఉడికిపోతాడు. అందుకని పొద్దు గూకాక బురద తీయడం మొదలుపెట్టారు. రాత్రి ఇషా నమాజు అయింది. తొమ్మిది దాటింది. రాబిగ్ ఆఫీసులో మేడ మీద నేనొక్కణ్ణే. కిటికీలోంచి రిఫైనరీ మంట వెలుగు గోడ మీద కదులుతోంది. ఏసీ నుంచి బకెట్‌లోకి నీళ్ళ చుక్క... టప్... కాసేపాగి ఇంకోటి... టప్.

బషీర్ ఫోన్ చేశాడు. పని అయిపోయింది, అందరూ తిండికి వెళ్ళారు, కాయలు ముదిరే రోజులు, తెల్లారేలోపు చెట్లకు నీళ్ళు అందకపోతే ముదీరు, అదే మేనేజరు, చంపేస్తాడని తొందరపెట్టాడు. సంపు చూశావా అని అడిగాను.

"చప్పల్ నహీ హై భాయ్. ఖాలీ హై, చలా దో."

చెప్పుల్లేవు, ఖాళీగా ఉంది, నడిపించెయ్ అని. సరేనని ఫోన్ పెట్టేసి, కొత్త ప్రోగ్రాంను పంపే కమాండుకు ఎంటర్ కొట్టాను.

గిట్, హెల్పర్ ఏం మాట్లాడుకుంటాయో స్క్రీన్ మీద కనపడేలా పెట్టుకోవడం నాకు అలవాటు. గిట్ మొదటి మాట అడిగింది. బావి జవాబిచ్చింది. అక్కడ ఏమున్నాయని అడిగింది గిట్. ఖాళీ లైను వదిలింది.

ఇక బావి వంతు.

జవాబు లేదు.

లైను కాస్త నెమ్మదేమో అనుకున్నాను. పది సెకన్లు... ఇరవై... కర్సర్ మినుకుమినుకుమంటోంది. ఏసీ చుక్క... టప్. నాకు సహనం తక్కువ, మీకు తెలుసు. ఈ ముసలి ప్రోగ్రాంను ఆపేసి, ఫైలును నేరుగా పెట్టెలోకి తోసేద్దామనుకున్నాను. దానికి వేరే దారి ఉంది. ఇంకో విండో తెరిచాను. కమాండు సగం కొట్టాను.

అప్పుడు... మొదటి విండోలో ఒక అక్షరం పడింది.

a.

ప్రోగ్రాం రాస్తే లైను మొత్తం ఒక్కసారే పడుతుంది. ఇది అలా పడలేదు. ఒక అక్షరం. ఆగింది. n. ఆగింది. d... ఆ మధ్యలో ఉన్న ఆగడం ఎలాంటిదో నాకు తెలుసు. అక్షరం కోసం కీబోర్డు మీద వేలు తిరుగుతున్నప్పటి ఆగడం. ఎన్నేళ్ళు నా పక్క బల్ల మీద విన్నానో ఆ ఆగడాన్ని. చప్పుడు మాత్రం లేదు. గదిలో ఏసీ చుక్క తప్ప ఏ చప్పుడూ లేదు.

నేను కదల్లేదు. చేతులు కీబోర్డు మీదే ఉండిపోయాయి. పక్కకు తిరిగి ఆయన కుర్చీ వైపు చూడాలనిపించింది, చూడలేకపోయాను... అక్షరాలు పడుతూనే ఉన్నాయి. చివరికి లైను పూర్తయింది.

andaru unnara

అంతే. దాని తర్వాత ఒక ఖాళీ లైను.

భయం వేసిందా అంటే... వేసింది. కానీ దానికంటే ముందు నాకు ఏడుపు వచ్చింది. అదేమిటో నాకే అర్థం కాలేదు. దొంగతనం చేస్తూ ఇంట్లోవాళ్ళకు దొరికినట్టు అనిపించింది. ఆరు నెలలుగా నేను అడగని మాట అది.

బషీర్‌కు ఫోన్ చేశాను. రెండుసార్లు తప్పు నంబరు నొక్కాను. అందర్నీ పేరుపేరునా పిలిచి లెక్క చూడమన్నాను. తిండి మధ్యలో ఇదేం గోలని తిట్టాడు. చూడు భాయ్, చూస్తేగానీ నీళ్ళు వదలనన్నాను. మెస్‌లో గిన్నెల చప్పుడు, పేర్లు పిలవడం వినపడుతున్నాయి. తొమ్మిది మంది పలికారు. ఉండాల్సింది పది.

"గంగారాం కిధర్ హై?" గంగారాం ఎక్కడని అడిగాడు బషీర్ ఎవరినో.

తర్వాత రఫీక్ అనే బంగ్లా మనిషి గొంతు... నెమ్మదిగా ఏదో చెబుతోంది. సంపు దగ్గర ఉన్న చెప్పులు తనే వేసుకుని నమాజుకు వెళ్ళానన్నాడట. చెప్పుల్లేవని ఆ తర్వాత ఎవరో మూత కూడా వేసేశారు. ఆ క్యాంపులో ఎవరి చెప్పులు ఎవరైనా వేసుకుంటారు. దాన్ని తప్పనుకునే మనిషే లేడు.

ఆ మాటతో బషీర్ లేచాడు. పరుగు. కంకర మీద పరుగెత్తుతున్న కాళ్ళు. ఆయాసం. ఇనుప మూత ఈడ్చిన చప్పుడు... గర్రుమని. ఆ తర్వాత గంగారాం అని ఒక కేక. గొంతు సంపులో గుండ్రంగా తిరిగి పైకి వచ్చింది.

జవాబు లేదు.

ఫోను చెవికి అదిమి పట్టుకున్నాను. నా కళ్ళు స్క్రీన్ మీదే ఉన్నాయి. ఆ రెండు మాటలూ అలాగే ఉన్నాయి... కర్సర్ కదలడం లేదు.

మళ్ళీ కేక.

అప్పుడు లోపల నుంచి ఒక దగ్గు వినపడింది.

రెండు నిమిషాలకు గంగారాం ఫోన్‌లోకి వచ్చాడు. నిర్మల్ దగ్గర మనిషి. కూలి కోస్తానేమోనని భయపడుతున్నాడు.

"తప్పయింది సారూ. తాపీ మర్చిపోతే మల్ల దిగిన. జర కూసుంట అని కూసున్న, కన్నంటుకుంది. లోపల సల్లగుండె."

ఏం కాదు, పోయి తిను అన్నాను. ఫోన్ పెట్టాక ఆ కమాండును ఆపి, మళ్ళీ మొదటి నుంచి ఎంటర్ కొట్టాను. నాలుగు సెకన్లలో అంతా వెళ్ళిపోయింది. ఈసారి ఏ ప్రశ్నా రాలేదు. ఉనైజాలో సంపు నిండింది.

ఫోటో తీయలేదేం అని అడుగుతారు. ఫోను చెవి దగ్గర ఉంది. ఏడుస్తున్నాను కూడా. ఆ తర్వాత విండోలో వెతికితే ఆ లైను ఉండాల్సిన చోట ఏమీ లేదు. బావి ప్రోగ్రాంను మర్నాడు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాను. అలాంటి మాట ఎక్కడా లేదు. గిట్‌లో దాని పాత రూపాలన్నీ ఉంటాయి కదా, అవి కూడా ఒక్కొక్కటే తెరిచాను. లేదు. తోటలోని పెట్టెలోకి బయటి నుంచి ఎవరైనా లాగిన్ అయి వచ్చారేమో అని చూశాను. ఎవరూ రాలేదు. నిద్రలేమి అంటారా... ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలు పడుకున్నాను.

సువార్తమ్మ గారికి చెప్పాలా వద్దా అని వారం తటపటాయించాను. చివరికి ఫోన్ చేసి చెప్పాను. అంతా విన్నారు. ఆ అబ్బాయి ఆ రాత్రి అన్నం తిన్నాడా అని మొదట అడిగారు. తిన్నాడన్నాను. వార్డులో ఏదో మిషన్ కూత వినపడుతోంది.

"ఆయనొచ్చారని మాత్రం నాతో అనకు బాబూ," అన్నారు. "నా దగ్గరికి ఒక్కసారైనా రాలేదు ఆయన."

చెప్పినందుకు చాలా బాధపడ్డాను.

రెండు వారాల తర్వాత పెట్టె చూడటానికి ఉనైజా వెళ్ళాను. సాయంత్రం గంగారాం చాయ్ తెచ్చిచ్చి పక్కన కూర్చున్నాడు. బషీర్ నోటి వెంట ఏదో విన్నాడు, వివరంగా చెప్పమన్నాడు. సామ్యేలు గారి గురించి, ఆయన లెక్కల గురించి, స్క్రీన్ మీద పడ్డ మాట గురించి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. నవ్వలేదు.

"నా పేరు వెట్టి అడిగిండా సారూ?"

లేదు, అందరూ ఉన్నారా అని మాత్రమే అడిగారన్నాను. గ్లాసు కింద పెట్టాడు.

"నేను ఈ దేశం వచ్చింది గా సారు వోయినంక గద," అన్నాడు. "నన్నెట్ల లెక్కల వెట్టుకున్నడు మరి?"

నాకు తెలియదన్నాను. ఇప్పుడు మీరు అడిగినా అదే చెబుతాను.